ఉప్పెన తీరంలో దైవమూ పురుషకారమూ

తుఫాను రాకముందే తలదాచుకునే చోటు సిద్ధం చేసుకోవడం దేవుడి మీద నమ్మకం చాలక చేసే పనా, ఆ నమ్మకంలోనే ఒక భాగమా అన్నది మత చింతనలో చాలా పాత ప్రశ్న. భారతీయ గ్రంథాలు దీన్ని దైవం, పురుషకారం (మనిషి ప్రయత్నం) అనే రెండు పేర్లతో చర్చించాయి. బాపట్ల, రేపల్లె తీరంలో మాత్రం ఏటా అక్టోబరు, నవంబరు నెలలు వచ్చేసరికి ఇది ఇంటింటా తేల్చుకోవలసిన సంగతి. వాయుగుండం బలపడుతోందని మైకులో చాటినప్పుడు ఇల్లు వదిలి వెళ్లాలా, దేవుడి పటం ముందు దీపం వెలిగించి ఇంట్లోనే ఉండాలా అన్నది అక్కడ గంటల్లో జవాబు చెప్పుకోవలసిన విషయం.

సూర్యలంక నుంచి నిజాంపట్నం మీదుగా కృష్ణ సముద్రంలో కలిసే చోటు వరకు నేల బల్లపరుపుగా, పల్లంగా ఉంటుంది. ఒడ్డు దగ్గర సముద్రం లోతు కూడా తక్కువే. తుఫాను గాలి తోసుకొచ్చిన నీరు పోయే దారిలేక పైకి లేచి ఊళ్ల మీద పడుతుంది. అదే ఉప్పెన. బంగాళాఖాతం తుఫాన్లలో గాలికంటే ఎక్కువ ప్రాణాలు తీసింది ఈ నీరే. 1977 నవంబరు 19, కార్తీక మాసంలో ఒక శనివారం, తుఫాను చీరాల దగ్గర తీరం దాటింది. మన అర్ధగోళంలో తుఫాను గాలులు గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతాయి కాబట్టి, కన్నుకు కుడివైపున గాలి సముద్రం మీదనుంచి నేలమీదికి వీస్తుంది. అందుకే కన్ను చీరాల వైపు దాటినా దానికి కుడివైపున, కృష్ణా ముఖద్వారం దగ్గరున్న దివిసీమను నీరు ముంచెత్తింది. దాదాపు ఐదు మీటర్ల ఎత్తున వచ్చిన ఉప్పెనలో, ఆ గాలివానలో పదివేల మందికి పైగా చనిపోయారు. బాపట్ల వైపు చర్చిల్లో తలదాచుకున్నవారిలోనూ ప్రాణాలు పోయినవారున్నారు. దేవుడి ఇంట్లో ఉండి కూడా చనిపోయినవారి సంగతి ఏమిటన్న ప్రశ్నను ఏ మతమూ దాటవేయలేదు.

దానికి ఎక్కువగా వినిపించే జవాబు పూర్వకర్మ. ఈ జవాబును ఈ నేలమీదే ఒకప్పుడు గట్టిగా కాదన్నవారున్నారు. తెనాలి, రేపల్లెల మధ్య ఉన్న భట్టిప్రోలు గొప్ప బౌద్ధ స్తూపం వెలసిన చోటు. పాళీ సూత్రాల ప్రకారం బుద్ధుడు మూడు వాదాలను తోసిపుచ్చాడు: మనిషి అనుభవించేదంతా పూర్వకర్మ వల్లనే అనేది ఒకటి, అంతా ఈశ్వరుడు చేసిందే అనేది రెండోది, దేనికీ కారణమే లేదనేది మూడోది. ఈ మూడింటిలో దేన్ని నమ్మినా, ఇది చేయాలి, ఇది చేయకూడదు అన్న పూనికే మనిషిలో మిగలదని ఆయన అభ్యంతరం. మరోచోట బాధలకు కారణాలు చెబుతూ శరీర దోషాలను, రుతువుల మార్పును కర్మతో పాటు విడివిడిగా లెక్కించాడు. అంటే బాధల్లో కర్మ వల్ల వచ్చేవి కొన్నే. ఉప్పెనలో పోయినవారి మీద పాపం మోపకుండా చేసే ఈ విభజన తాత్వికంగా ఎంత ముఖ్యమో, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి అంతకంటే ముఖ్యం.

వైదిక గ్రంథాలూ దైవానికి సర్వాధికారం ఇవ్వలేదు. భారతం ఆనుశాసనిక పర్వంలో దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని ధర్మరాజు అడిగితే, భీష్ముడు వసిష్ఠుడికి బ్రహ్మ చెప్పిన మాటలు వినిపిస్తాడు. అందులో దైవం విత్తనం, పురుషకారం పొలం. దున్నని పొలంలో మంచి విత్తనం పడ్డా దండగే. యోగవాసిష్ఠం ముముక్షు ప్రకరణం ఇంకా ముందుకు వెళ్లి, దైవం అనేది మనిషి ఇదివరకు చేసిన ప్రయత్నమే తప్ప వేరే శక్తి కాదంటుంది. భగవద్గీత 18వ అధ్యాయం ఏ పనికైనా ఐదు కారణాలు చెబుతుంది. శరీరం, కర్త, సాధనాలు, రకరకాల చేష్టలు ముందు వస్తాయి. దైవం ఐదోది. మిగతా నాలుగూ సమకూర్చకుండా ఐదోదాని పేరు ఎత్తడానికి గీతలో ఆధారం దొరకదు.

ప్రళయ కథల్లో ఈ చర్చ మరింత స్పష్టంగా కనిపిస్తుంది. శతపథ బ్రాహ్మణంలో చేప మనువుకు వరద వస్తుందని ముందే చెబుతుంది, ఓడ కట్టుకోమంటుంది. కట్టేది మనువే. భాగవతం అష్టమ స్కంధంలో సత్యవ్రతుడి దగ్గరికి ఓడ తనంతట తానే వస్తుంది. ఏడు రోజుల గడువులో ఓషధులను, విత్తనాలను పోగుచేసి సిద్ధంగా ఉండే పని మాత్రం ఆయనదే. బైబిల్లో నోవహు 300 మూరల పొడవు, 50 మూరల వెడల్పు, 30 మూరల ఎత్తున ఓడ కట్టాడు. హెబ్రీయులకు రాసిన పత్రిక ఆ కట్టడాన్నే ఆయన విశ్వాసానికి నిదర్శనంగా చూపుతుంది. ఈ కథల్లో దేవుడి వంతు హెచ్చరిక. ఆ హెచ్చరికను నమ్మడం అంటే చేతులు కదపడం. వాతావరణ శాఖ ప్రకటన విని కూడా కదలనివాడి నమ్మకాన్ని ఈ కథలు భక్తిగా ఒప్పుకోవు.

క్రైస్తవులూ ఉన్న ఈ తీరంలో ఇంకో రెండు బైబిలు ప్రస్తావనలు పనికొస్తాయి. దేవాలయ శిఖరం మీదనుంచి దూకితే దూతలు పట్టుకుంటారని సాతాను పురిగొల్పినప్పుడు, దేవుణ్ణి పరీక్షించరాదని యేసు జవాబిచ్చాడు. ఉప్పెన వస్తుందని తెలిసి పూరింట్లో కూర్చుని రక్షణ కోరడం ఆ దూకడం లాంటిదే. రెండోది అంత ప్రసిద్ధం కాదు కానీ మరింత లోతైనది. కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ పెట్టాలని ద్వితీయోపదేశకాండం శాసిస్తుంది. దాని మీదనుంచి ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటిదేనట. ప్రమాదానికి ముందే కట్టవలసినదాన్ని కట్టకపోవడం ఇక్కడ నిర్లక్ష్యంతో ఆగక, దోషంగా మారింది.

ఒంటెను కట్టేసి ఆ తర్వాత అల్లా మీద భారం వేయమని ప్రవక్త చెప్పినట్టు ఒక హదీసు ఉంది. తీర గ్రామాల్లో తుఫాను ముందు చేసే పని దానికి తలకిందులు: గొడ్ల పలుపులు విప్పేస్తారు. కట్టుగొయ్యకు ఉన్న గొడ్డు నీళ్లొస్తే ఉన్నచోటే చస్తుంది, విప్పిన గొడ్డు ఈదుకుంటూ మెరక చేరుతుందన్న ఆశ ఉంటుంది. పడవల్ని ఒడ్డు పైకి లాగి కట్టడం, వలలు ఇళ్లకు చేర్చడం, రేషన్ కార్డు, పట్టాదారు పాసు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకు కట్టుకోవడం, బిందెలకు మంచినీళ్లు పట్టడం, గాలి ఒక్కసారిగా ఆగితే అది తుఫాను కన్ను అని గుర్తించి బయటికి రాకుండా ఉండడం, ఇవన్నీ ఈ తీరపు పురుషకారం. కట్టడమైనా విప్పడమైనా, చేయగలిగినది చేసి మిగిలినది వదిలిపెట్టడం అన్న విషయంలో హదీసూ పలుపూ ఒకటే చెబుతున్నాయి.

దైవానికీ ప్రయత్నానికీ మధ్య హద్దు ఎప్పుడూ ఒకే చోట ఉండదు. 1990 మే 9న ఇదే కృష్ణా ముఖద్వారం దగ్గర మరో భీకర తుఫాను తీరం దాటింది. అప్పటికి మచిలీపట్నంలో రాడార్ ఉంది, ఆకాశంలో ఇన్సాట్ ఉపగ్రహాలున్నాయి, లక్ష మందికి పైగా జనాన్ని ముందే తరలించారు. చనిపోయినవారు సుమారు వెయ్యి మంది. అదీ పెద్ద సంఖ్యే, కానీ 1977 నాటి సంఖ్యలో పదో వంతు. 2004 డిసెంబరు 26 ఆదివారం, పౌర్ణమి సముద్ర స్నానాలకు వచ్చినవారి మీదికి సునామీ అలలు వచ్చినప్పుడు హిందూ మహాసముద్రానికి హెచ్చరిక వ్యవస్థే లేదు. 2007లో హైదరాబాదులోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం వచ్చింది. 2004లో విధి అనదగిన మరణాన్ని ఆ తర్వాత అలా అనడం కష్టం. అయితే ప్రయత్నం ఇంకా చేరని చోట్లున్నాయి. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. జనాన్ని ముందుగా తరలించగలిగారు, చేతికొచ్చిన వరి మాత్రం నీళ్లపాలైంది. కౌలు రైతు అప్పుడు విధి అంటే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. ఆరబెట్టే వసతి, ధాన్యం కొనుగోలు, పరిహారం చూడవలసినవారు అదే మాట అంటే అది చెల్లదు. విధి అన్నది బాధితుడికి ఓదార్పు కావచ్చు, బాధ్యుడికి సమాధానం కాలేదు. ఈ తేడా గమనించకపోవడం వల్లే దైవ పురుషకారాల చర్చ చాలాసార్లు పేదల మీదికే తిరిగింది.

పురుషకారం ఒక్కరిదా, అందరిదా అన్నది ఇంకో మెలిక. టోర్నడోలు తిరిగే ఓక్లహోమా, టెక్సాస్ రాష్ట్రాల్లో స్థిరపడిన తెలుగువారికి షెల్టర్ అంటే గ్యారేజీ నేల కింద దించిన ఉక్కు గది, లేదా ఇంట్లోనే కాంక్రీటు గది. గంటకు 400 కిలోమీటర్ల గాలిని తట్టుకునేలా అక్కడి విపత్తు సంస్థ ఫీమా దానికి ప్రమాణాలు రాసింది. హెచ్చరిక తర్వాత దొరికేవి నిమిషాలే కాబట్టి అది ఇంట్లోనే ఉండాలి. సూర్యలంక ఇసుకలో గొయ్యి తవ్వితే ఉప్పెన నీరు ముందు నిండేది అందులోనే. ఇక్కడి తుఫాను భవనం స్తంభాల మీద నిలబడుతుంది. కింద నీరు పోయేలా ఖాళీ, పైన హాలు, వెడల్పాటి మెట్లు, మామూలు రోజుల్లో బడి. 1977 తర్వాత క్రైస్తవ సేవాసంస్థలు, రామకృష్ణ మిషన్, రెడ్‌క్రాస్ వంటివి ఈ తీరంలో ఇళ్లూ ఆశ్రయాలూ కట్టాయి. ప్రపంచ బ్యాంకు సాయంతో 2011లో మొదలైన జాతీయ పథకం కింద మరిన్ని వచ్చాయి. ఏ మత్స్యకార కుటుంబమూ తన ఒక్కదానికి కట్టుకోలేనిది ఊరంతటికీ ఒకటిగా వచ్చింది.

గోవర్ధన కథలో గోపాలురందరూ ఆవుదూడలతో సహా ఒకే కొండ కింద చేరారు. ఆ కథలో ఒక్కో ఇంటికీ వేరే కొండ లేదు. తుఫాను భవనానికీ ఇదే షరతు, కానీ ఇది మాటల్లో ఉన్నంత తేలిక కాదు. 1991లో దళితుల మీద ఊచకోత జరిగిన చుండూరు ఈ ప్రాంతంలోదే. ఒకే హాల్లో పక్కపక్కన పడుకోవడానికి, ఒకే కుండలో నీళ్లు తాగడానికి, ఒకే పొయ్యి మీద వండింది తినడానికి ఒప్పుకోని మనసు ఉన్నచోట కాంక్రీటు ఎంత గట్టిదైనా ఆశ్రయం సగమే. తాళం ఎవరి దగ్గరుందో తెలియని భవనం, తలుపులు ఊడిపోయిన భవనం, చేతిపంపు పనిచేయని భవనం కూడా అలాంటివే. కట్టడం ఒక ఏడాది పని, కాపాడుకోవడం ప్రతి ఏడాది పని. పిట్టగోడ శాసనం చెప్పిన దోషం పగుళ్లిచ్చిన గోడకూ వర్తిస్తుంది.

చివరికి మిగిలేది కదలనన్నవారి సంగతి. పుట్టిన ఇంట్లోనే పోతానని, దేవుడు పిలిస్తే ఎక్కడున్నా తప్పదని కూర్చునే ముసలివారు ప్రతి తుఫానులోనూ ఉంటారు. వారి మాటలో నిజమైన వైరాగ్యం ఉండవచ్చు, దాన్ని వెటకారం చేయకూడదు. కానీ వారి మంచం పక్కన కోడలూ, మనవలూ ఆగిపోతారు, వారిని తీసుకురావడానికి నీళ్లలోకి దిగేవాడు ఇంకొకడుంటాడు. ఒకరి వైరాగ్యానికి మరొకరి ప్రాణాన్ని వెలకట్టే అధికారం ఏ గ్రంథమూ ఇవ్వలేదు. అందుకే ఊళ్లు ఖాళీ చేయించేటప్పుడు వృద్ధులు, గర్భిణులు, నడవలేనివారు ఉన్న ఇళ్ల జాబితా ముందే రాసుకుని, గాలి పెరగకముందే, పగటిపూటే ఆ ఇళ్లకు మొదట వెళ్లాలి.