మీటరు కాలికి, కన్ను రోడ్డుకు

అల్లుడా, ఏడు సీట్ల కొత్త బండి తెచ్చుకున్నవని మీ అమ్మ ఫోన్ల చెప్పినప్పుడు నాకు కడుపు నిండింది. మన్ననూరు నుంచి శ్రీశైలం, అచ్చంపేట నుంచి హైదరాబాదు అని కిరాయిలు మంచిగనే దొరుకుతున్నయంట. నీ కాళ్ల మీద నువ్వు నిలబడ్డవు, అంతకంటే మాకేం కావాలె. మొన్న నీ పక్క సీట్ల కూసొని వచ్చినప్పటి నుంచి ఒక మాట చెప్పాలనుకుంటున్న. తోలేటప్పుడు నీ చూపు మాటిమాటికి స్టీరింగు వెనక వెలిగే మైలేజీ మీటరు మీదికే పోతున్నది. అది మంచి మీటరే. దాన్ని ఎక్కడ చూడాలె, ఎక్కడ మర్చిపోవాలె అనేది నీకు చెప్పేటోళ్లు లేరు గనుక నేను చెప్తున్న.

నేను ఆర్టీసీల బస్సు తోలినన్ని రోజులు మాకు అసొంటి మీటరు లేదు. డ్యూటీ దిగి డిపోకు వస్తే బంకు కాడ ట్యాంకు నింపేటోళ్లు. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎన్ని లీటర్లు పట్టింది అని లెక్క కట్టి కేఎంపీఎల్ తీసేటోళ్లు. ఆ అంకె డ్రైవర్ పేరు పక్కన పడేది. బస్సుకు లీటరుకు ఐదు కిలోమీటర్ల చిల్లర అంటే గొప్పే. బాగా తెచ్చినోళ్లను మెచ్చుకునేటోళ్లు, తక్కువ తెచ్చినోని పక్కన సేఫ్టీ డ్రైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ కూసొని కాలు ఎట్ల పెట్టాలె, గేరు ఎప్పుడు మార్చాలె అని నేర్పేటోడు. కొన్ని బస్సులల్ల ఇంజిన్ తిరుగుడు చూపే మీటరు మీద పచ్చ పట్టీ ఉండేది. ముల్లు పచ్చల ఉంటే డీజిల్ మిగులుతుందని గుర్తు. గాని అసలు లెక్క వచ్చేది తెల్లారే. నిన్న ఏ మలుపు కాడ డీజిల్ పారబోసిన్నో ఇయ్యాల ఎట్ల యాదికుంటది? నీకైతే తొక్కిన సెకండ్లనే జవాబు వస్తది. ఆ ఇన్‌స్ట్రక్టర్ దినమంతా నీ బండిలనే కూసున్నట్టు.

ఇట్ల అప్పటికప్పుడు చెప్పే తెలివి ఇయ్యాల్టిది కాదు. టొయోటా వాళ్లు 1997ల జపాన్‌ల ప్రియస్ కారు తెచ్చినప్పుడు డాష్‌బోర్డు మీద తెర పెట్టి, పెట్రోల్ ఎంత తాగుతున్నది, బ్యాటరీ ఎప్పుడు పనిచేస్తున్నది అని కండ్ల ముందట చూపిచ్చిన్రు. ఆ తెర చూసుకుంట తోలుడు మార్చుకున్నోళ్లు లోకమంతా ఉన్నరు. ఫోర్డు వాళ్లైతే 2010 మోడల్ ఫ్యూజన్ హైబ్రిడ్‌ల మీటరు పక్కన ఒక తీగ బొమ్మ పెట్టిన్రు. నెమ్మదిగ తోలితే ఆకులు వేస్తది, గట్టిగ తొక్కితే రాలిపోతయి. ఇప్పుడు ఆ తెలివి మన ఊరి బైకుల దాకా వచ్చింది.

నీ బండిల రెండు అంకెలుంటయి, వాటిని కలపకు. ఒకటి ఆ క్షణం లెక్క. ఇంజెక్టర్లు ఎంతసేపు తెరుచుకున్నయి, చక్రం ఎంత తిరిగింది అని చూసి బండి కంప్యూటర్ అప్పటికప్పుడు కట్టే లెక్క అది. యాక్సిలరేటర్ నొక్కితే 6కు పడ్తది, తీస్తే చివరిదాకా ఎగురుతది. రెండోది సగటు, నువ్వు రీసెట్ కొట్టినప్పటి నుంచి తిరిగిన దూరానికి తాగిన పెట్రోల్. మొదటిది నీ కాలికి బుద్ధి చెప్పనీకి. రెండోది నీ జేబుకు లెక్క చెప్పనీకి.

జేబు లెక్క ముందు చెప్త. పోను రాను 400 కిలోమీటర్ల కిరాయి అనుకో. లీటరుకు 16 వస్తే 25 లీటర్లు, 20 వస్తే 20 లీటర్లు. ఒక్క ట్రిప్పుకు 5 లీటర్ల తేడా. మన దగ్గర పెట్రోల్ వంద దాటి ఏండ్లైంది, అంటే 500 పైన నీ జేబుల మిగులుతయి. బండి అదే, రోడ్డు అదే, తొక్కే కాలు ఒక్కటే వేరు. దూకుడుగ తోలితే హైవే మీద మైలేజీ 15 నుంచి 30 శాతం దాకా పడిపోతదని అమెరికా ఇంధన శాఖ చెప్తది. మన పెట్రోలియం పొదుపు సంస్థ పీసీఆర్ఏ గంటకు 45 నుంచి 55 మధ్యల తోలుమంటది. హైదరాబాదు రోడ్డుల ఖాళీ దొరికితే 55 మీద ఉండుడు నీకు కష్టమే, నాకు తెలుసు. కనీసం 80 దాటకు.

80 ఎందుకంటున్ననో విను. వేగం రెండింతలైతే గాలి అడ్డుపడే బలం నాలుగింతలైతది. 80 నుంచి 100కు పోతేనే అది ఒకటిన్నర రెట్లు దాటుతది. నీకు మిగిలేదేంది? 60 కిలోమీటర్ల రోడ్డు 80 మీద 45 నిమిషాలు, 100 మీద 36 నిమిషాలు. తొమ్మిది నిమిషాలు. ఈ తొమ్మిది నిమిషాల కోసమే మన పిల్లలు డిండి దాటినంక ఉరుకులు పెడ్తరు. ఎందుకో నాకు ఎరుకే. రాత్రి 9 గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు గేటు పడ్తది, మళ్ల పొద్దుగాల 6కే తెరుస్తరు. దొరకకపోతే సవారీలు నిన్నే తిడ్తరు. అందుకని కిరాయి మాట్లాడుకునేటప్పుడే చెప్పు, హైదరాబాదుల సాయంత్రం నాలుగు గంటలలోపు బండి కదలాలె అని. టీ కోసం, టిఫిన్ కోసం ఆగేది కూడా అందుల కలిపే లెక్క కట్టు. అప్పటికీ ఆలస్యమైతే మన్ననూర్ల పండుకోబెట్టు, పొద్దుగాల తీస్కపో.

ఇంకొక చిన్న లెక్క. లీటరుకు 20 ఇచ్చే బండి 22 ఇస్తే వంద కిలోమీటర్లకు అర లీటరు కూడా మిగలదు. అదే 10 ఇచ్చే కాడ 12 రాబట్టుకుంటే లీటరున్నర దాటి మిగులుతది. అంకె చూస్తే రెండుకు రెండే పెరిగింది, పెట్రోల్ లెక్క మాత్రం మూడింతల పైన తేడా. అందుకే చదును రోడ్డు మీద 22ను 23 చేయనీకి కష్టపడకు. బండి ఎక్కడ ఎక్కువ తాగుతదో అక్కడ కాలు సరిచేసుకో. బండి కదిలిచ్చే మొదటి పది సెకండ్లు, గుట్ట ఎక్కే మలుపులు, స్పీడ్ బ్రేకర్‌కు స్పీడ్ బ్రేకర్‌కు నడుమ తొక్కే తొక్కుడు, ఏసీ పెట్టుకొని నిలబడ్డ టైం. నీ డబ్బులు ఈ నాలుగు కాడనే కారిపోతయి. శ్రీశైలం డ్యాము గేట్లు ఎత్తిన్రంటే చెక్‌పోస్టు కాడ బండ్ల లైను ఎట్లుంటదో చూసినవు గద. అప్పుడు ఇంజిన్ ఆపేయి, అద్దాలు దించు, మన అడవి గాలి ఏసీకి తీసిపోదు.

మన్ననూరు గుట్ట ఎక్కేటప్పుడు నీ మీటర్ల పైకి బాణం గుర్తు వస్తది, పై గేరు వెయ్యుమని. చదునుల ఆ మాట విను. ఏడుగురు కూసొని, పైన సామాను కట్టుకొని ఎక్కుతుంటే మాత్రం నీ చెవి మాట విను. ఇంజిన్ కొట్టుకుంటున్నట్టు వినబడితే కింది గేరుకు రా. ఆ రెండు నిమిషాలు మీటరు 7 చూపిచ్చినా పర్వాలేదు, గుట్టకు అది కట్టాల్సిన బాకీ.

ఇప్పుడు అసలు మాటకు వస్తున్న. ఈగలపెంట దాటి డ్యాము దిక్కు ఘాటు దిగేటప్పుడు నువ్వు న్యూట్రల్ వేసినవు. నాకు గుండెల రాయి పడ్డది, సవారీలున్నరని నోరు మూసుకున్న. ఆ అలవాటు కార్బురేటర్ బండ్ల కాలం నాటిది, పెద్ద డ్రైవర్ల కాడ నేర్చుకొని ఉంటవు. ఈ బండ్లు వేరే. గేరుల ఉండి యాక్సిలరేటర్ మీది నుంచి కాలు తీస్తే కంప్యూటర్ ఇంజెక్టర్లను మూసేస్తది. అప్పుడు చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతయి, ఒక్క చుక్క పోదు. తిరుగుడు బాగా తగ్గినంకనే మళ్ల పెట్రోల్ వదులుతది. అదే న్యూట్రల్ వేస్తే ఇంజిన్ ఆరిపోకుండ ఉండనీకి పెట్రోల్ పోస్తనే ఉండాలె. ఈసారి మూడో గేరుల దిగుకుంట, తిన్నటి జాగా చూసుకొని ఒక్కసారి మీటరు వంక చూడు. గీత చివరిదాకా పోయి అక్కడనే నిలబడ్తది. న్యూట్రల్ల నీకు మిగులుతుందనుకున్న పెట్రోల్ గేరులనే మిగులుతది.

పెట్రోల్ సంగతి అట్లుంచు. న్యూట్రల్ల దిగితే బండి బరువంతా బ్రేకుల మీదనే పడ్తది. మలుపు మలుపుకు తొక్కితే అవి కాగుతయి, కాగినంక ఎంత తొక్కినా పట్టవు. ఘాట్ల ముందట పోయే బండి నుంచి లైనర్ కాలిన వాసన వస్తే నాకు ఇప్పటికీ భయమైతది. ఎక్కేటప్పుడు ఏ గేరుల ఎక్కుతవో దిగేటప్పుడు ఆ గేరులనే దిగు అని మా సీనియర్లు చెప్పేటోళ్లు. ఇక ఇంజిన్ బందు చేసి దిగుడు అనే పిచ్చి ఎవరన్న నేర్పితే వాని పక్కకు కూడా పోకు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు సాయం పోతది, స్టీరింగు బరువైతది, తాళం పూర్తిగ తిప్పితే స్టీరింగు లాక్ పడ్తది. కింద కృష్ణమ్మ ఉన్నది బిడ్డా.

ఇంకొకటి నీ దోస్తుల సంగతి. మైలేజీ 24 వచ్చిందని, 25 వచ్చిందని మీటరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల పెడ్తున్నరంట. బండి నడుస్తుండంగనే తీస్తున్నరు ఆ ఫొటోలు, ఎందుకంటే ఆపితే అంకె పడిపోతది. 60 మీద పోతుంటే బండి సెకనుకు 16 మీటర్లకు పైగ పోతది. రెండు సెకండ్లు కిందికి చూస్తే 33 మీటర్లు రోడ్డు చూడకుండ పోయినవన్నట్టు. ఆ పోటీల నువ్వు ఉండకు. అంకె కోసం లారీ వెనక అతుక్కొని పోవుడు, బ్రేకు వేస్తే సగటు పడ్తదని మలుపును వేగం మీదనే కొట్టుడు, ఇవన్నీ ఆ పోటీల నుంచే పుడ్తయి.

ఘాట్ల చూడుమన్న ఆ ఒక్కసారి తప్ప, చెక్‌పోస్టు దాటినంక ఆ మీటరు సంగతే మర్చిపో. తెర మార్చి గడియారమో, ట్రిప్పు కిలోమీటర్లో పెట్టుకో. అమ్రాబాద్ పులుల అభయారణ్యం 2,611 చదరపు కిలోమీటర్లు. మన రోడ్డు దాని నడుమ నుంచి పోతది. ఫరహాబాద్ కాడ, వటువర్లపల్లి కాడ కోతులు రోడ్డు మీదనే కూసుంటయి, సవారీలు వేసే అరటిపండ్ల కోసం. నీ బండిల నుంచి ఎవ్వరినీ ఏమీ వెయ్యనీయకు, తిండి కోసం రోడ్డుకు అలవాటైన కోతి చివరికి చక్రం కిందనే పడ్తది. దుప్పి ఒక్కటి దాటిందంటే దాని వెనక ఇంకా ఉన్నయని లెక్క. మొదటిది పోయింది గద అని కాలు మళ్ల నొక్కకు. పెంటల నుంచి, అంటే చెంచు గూడేల నుంచి, ఆడోళ్లు కట్టెలు ఎత్తుకొని అంచుకే నడుస్తుంటరు, పిల్లలు వెనక వస్తుంటరు. బ్రేకు తొక్కాల్సిన కాడ గట్టిగ తొక్కు. ఆ బ్రేకుతోటి సగటు అర పాయింటు పడితే పడనియ్. నా కండ్ల ముందట పెరిగిన పిల్లగానివి, ఆ అర పాయింటుకు నీ ప్రాణం గాని, ఒక చెంచు బిడ్డ ప్రాణం గాని తూకం వెయ్యలేను.

అట్లని అడవిల మైలేజీ పోతుందనుకోకు. బోర్డు చెప్పిన వేగం మీద, ముందుగల్ల చూసుకుంట, తొక్కుడు తీసుడు లేకుండ తోలితే హైదరాబాదు మలక్‌పేట ట్రాఫిక్కుల కంటే అడవిల సగటే మంచిగ వస్తది. మీటరు చదును రోడ్డు మీద నీ కాలికి నేర్పింది అడవిల కాలు తనంతట తానే చేస్తది. అది నేర్చుకున్న రోజు నీకు ఆ మీటరు చూసే పనే ఉండదు. వెనక సీట్ల ముసలోళ్లకు కడుపుల తిప్పదు, పసిపిల్లలు నిద్రపోతరు, మళ్ల శ్రీశైలం పోవాలంటే నీకే ఫోన్ చేస్తరు.

చివరగ, మీటరు చెప్పిందే వేదమనుకోకు. చాలా బండ్లల్ల అది ఉన్నదానికంటే జర ఎక్కువే చూపిస్తది. నెలకొకసారి ఒకే బంకుల ట్యాంకు నిండా పోయించు, ట్రిప్పు మీటరు సున్నా చెయ్యి, మళ్ల నిండా పోయించినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పట్టిన లీటర్లతోటి భాగించు. డ్యాష్‌బోర్డుల ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకొని అది రాసుకో. టైర్లల్ల గాలి బండి చల్లగున్నప్పుడు పొద్దుగాలనే చూపించు, తలుపు కాడ అతికించిన కాగితం మీద నిండు బరువుకు ఎంత రాసి ఉంటే అంత కొట్టించు. కిరాయి లేని రోజు పైన క్యారియర్ విప్పేసి ఇంట్ల పెట్టు, అది ఊరికెనే గాలికి అడ్డం. వచ్చే నెల నేను మన్ననూరు వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు పట్టుకరా, ఇద్దరం కూసొని లెక్క చూద్దాం.