బల్ల కడిగే పని

ధ్యాన భాగం: 1 కొరింథీయులకు 11:17–34

డిసెంబరు చివర ఇంగ్లండులో చాలా చోట్ల పగలు 8 గంటలు కూడా ఉండదు. అక్కడి పెరటి పిట్ట బ్లూ టిట్ బరువు 11 గ్రాములకు అటూ ఇటూ. ఆ కాస్త వెలుతురులో తిన్నదే కొవ్వుగా ఒంటికి పట్టి, 16 గంటల రాత్రి చలిలో కరిగి, తెల్లారేదాకా దాన్ని నిలబెడుతుంది. అందుకే ఆకులు రాలే కాలం రాగానే చాలా ఇళ్లలో పొద్దుతిరుగుడు గింజలు, వేరుశనగ పప్పు, కొవ్వు ముద్దలు వేలాడదీస్తారు. పిట్టలు వాలి తినడానికి పెరట్లో ఓ చెక్క బల్ల కూడా వేస్తారు. సంక్రాంతికి కొత్త వరికంకులు కుచ్చులల్లి చూరుకు కట్టే మనవాళ్లకు ఇది వింతేమీ కాదు.

ఆకాశపక్షులను తండ్రి పోషిస్తున్నాడని కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన మాట ఇక్కడ ఎవరికైనా గుర్తొస్తుంది. దాంతోనే ధ్యానం ముగించవచ్చు కూడా. కానీ ఆ బల్ల దగ్గర మరో సంగతి జరిగింది.

2005 నుంచి బ్రిటన్‌లో గ్రీన్‌ఫించ్ పిట్టలు జబ్బుచేసి రాలిపోసాగాయి. పావురాల గొంతులో ఏనాటినుంచో ఉన్న ట్రైకోమోనాస్ అనే పరాన్నజీవి వీటికి పాకింది. జబ్బుపడ్డ పిట్ట మింగలేదు. నోట పట్టిన గింజను ఎంగిలితో మళ్లీ అక్కడే జారవిడుస్తుంది. దాన్ని పక్కది ఏరుకుంటుంది. గుంపుగా ఒక్కచోటే తినే అలవాటు వీటిది. ప్రతి పెరట్లోనూ కనిపించిన ఈ పిట్ట 2021లో బ్రిటన్‌లో అత్యంత ఆందోళనకర స్థితిలో ఉన్న పక్షుల ఎర్ర జాబితాకెక్కింది. మేత పెట్టినవాళ్ల మనసులో ఏ కల్మషమూ లేదు. గింజలూ మంచివే. జబ్బు మాత్రం ఆ బల్ల మీదే చేతులు మారింది.

కొరింథు సంఘంలో పౌలు వేలెత్తి చూపిందీ ఒక బల్లనే. ఎవరిది వాళ్లు ముందే తినేస్తున్నారు. లేనివాడు పస్తు, ఉన్నవాడు మత్తు. మీరు కూడి రావడం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువని ఆయన మొహమాటం లేకుండా అనేశాడు. మీలో ఇంతమంది నీరసపడిందీ, రోగులైందీ, కొందరు కన్నుమూసిందీ ఇందుకేనని కూడా రాశాడు. ఈ భాగాన్ని మనం ఎవరి పాపాలు వాళ్లు తలచుకోవడానికే చదువుకుంటాం. తప్పు లేదు. అయినా పౌలు ముందుగా చూపించింది పక్కవాడి ఖాళీ గిన్నెను.

విందు మానేయమని ఆయన అనలేదు. ఒకరికోసం ఒకరు ఆగమన్నాడు, మరీ ఆకలైతే ఇంట్లో తిని రమ్మన్నాడు. పిట్టల సంగతి తెలిసినవాళ్ల మాటలూ ఇంత సాదాగానే ఉంటాయి. గింజల గొట్టాలు వారానికోసారైనా కడిగి బాగా ఆరబెట్టాలి. నీళ్లు రోజూ మార్చాలి. ఒకటి రెండు రోజుల్లో తినేసేంతే పెట్టాలి. ఈకలు ఉబ్బించుకుని, మింగలేక మందకొడిగా కూర్చున్న పిట్ట కంటపడితే కొన్ని వారాలపాటు మేత పూర్తిగా ఆపేయాలి. ఈ చివరిదే కష్టం. గడ్డకట్టే చలిలో వచ్చి వాలి, ఖాళీ కొక్కేన్ని చూసుకుని వెళ్లిపోయే పిట్టలను కిటికీలోంచి చూస్తూ ఊరుకోవాలి. ప్రేమకు పెట్టడమే తెలిస్తే చాలదు.

మన ప్రేమ విందుల్లోనూ వడ్డనకు పోటీపడతారు. గుండిగలు తోమే చోట ఎప్పుడూ ఆ నలుగురే. ఏ విస్తరిలోకి కూర రాలేదో కనిపెట్టేవాళ్లు అంతకంటే తక్కువ.

ప్రార్థన: తండ్రీ, నేను పెట్టేది ఎవరికైనా చెరుపు చేస్తుంటే ఆ సంగతి నాకు తెలియజెయ్యి, ఆపే ధైర్యమూ ఇవ్వు. ఈ ఆదివారం కడబంతిలో కూర్చునేవారి దగ్గరికి నన్ను పంపు. ఆ తర్వాత గుండిగల దగ్గరికి పంపు. ఆమేన్.