అద్దపుటెండ

ప్రాణిని బంధించి పెంచువాడు దానికేమి ఋణపడియున్నాడు? ప్రేమయొక్కటి చాలునా? మధ్య, దక్షిణ అమెరికాల యడవులలో చెట్లపై ఆకులు మేసి బ్రతుకు ఇగ్వానాను చూడుడు. ఆకారమున మన ఉడుమును పోలినను అది శాకాహారి. ముద్దుకొలది మాంసము పెట్టుచుండినచో దాని మూత్రపిండములు చెడును. కిటికీ యద్దము వెనుక నెండలో నుంచినచో వెచ్చదనము చేరును గాని, చర్మమున డి విటమినును బుట్టించి యెముకలకు కాల్షియము పట్టించు అతినీలలోహిత కిరణములను అద్దము చాలవరకు ఆపివేయును. ఎముకలు మెత్తబడును, అయినను అది మొఱపెట్టదు.

జ్ఞానము లేని ప్రేమయు నిట్టి యద్దపుటెండయే. నోరులేనిదాని యవసరమును ముందుగా తెలిసికొనుటయే పెంచువాని ధర్మము. తెలిసికొన నొల్లనివానికి పెంచు నధికారము లేదు.