దానం సరే, సంతకం ఎవరిది?

పోలండ్ నుంచి వెళ్లగొట్టబడిన రాజు స్తానిస్లావ్ లెష్చిన్‌స్కీకి ఫ్రాన్స్‌లో 'ఉపకారి' అని బిరుదు. రెవెన్యూలో పనిచేసి రిటైరైన నాకు అలాంటి బిరుదు వినగానే తట్టే ప్రశ్న ఒకటే: డబ్బెక్కడిది?

స్వీడన్ రాజు అండతో 1704లో గద్దెనెక్కాడు. 1709లో పోల్తావా యుద్ధంలో స్వీడన్ ఓడగానే అదీ పోయింది. ఫ్రాన్స్‌లో అల్సాస్ ప్రాంతపు విస్సంబూర్‌లో చేతిలో డబ్బాడక రోజులు వెళ్లదీశాడు. 1725లో కూతురు మరియాను ఫ్రాన్స్ రాజు పదిహేనో లూయీ పెళ్లాడడంతో దశ తిరిగింది. 1733లో మళ్లీ పోలండ్ రాజుగా ఎన్నికైనా రష్యా సేనలు నిలవనివ్వలేదు. చివరికి ఫ్రాన్స్ పక్కనున్న లొరేన్ డచీని బతికినన్నాళ్లు ఏలుకోమన్నారు.

ఏలిక పేరుకే. 1736లో మ్యూదోఁలో ఒక రహస్య పత్రం మీద సంతకం పెట్టి, పన్నులూ పాలనా ఫ్రాన్స్‌కు వదిలేశాడు. బదులుగా ఏటా భరణం. వసూళ్లు చూసింది ఫ్రాన్స్ పంపిన అధికారి లా గలేజియేర్. భరణం డబ్బుతో రాజు లొరేన్‌లోని నాన్సీ నగరంలో గొప్ప చౌక్ కట్టించాడు, 1750లో గ్రంథాలయం పెట్టాడు, కరువు రోజులకు ధాన్యం నిల్వ చేయించాడు. అదే కాలంలో, ఆయన పేరుమీదే, రైతులు రోడ్లకు వెట్టి చేశారు, కొత్త పన్నులు కట్టారు.

ఆయన కాకపోతే ఇంకొకరు వసూలు చేసేవారు, ఈయన కొంతైనా తిరిగిచ్చాడు కదా అంటారు. నిజమే. ఆకలిగొన్నవాడు గింజల పుట్టుపూర్వోత్తరాలు అడగడు. లేమి రుచి చూసిన మనిషి మళ్లీ ఆ గతి పట్టకూడదని సంతకం పెట్టాడంటే, ఆ భయమూ నాకర్థమవుతుంది.

అయినా చెల్లుకు చెల్లు అనలేను. మా శాఖలో జమ జమే, ఖర్చు ఖర్చే. ఒకదాంట్లోంచి ఒకటి కొట్టేసి మిగిలింది చూపిస్తే ఆడిట్ ఊరుకోదు. పుణ్యపాపాలూ అంతేనని నా నమ్మకం. దానం వల్ల దానం ఫలితం ఉంటుంది, సంతకం వల్ల సంతకం ఫలితం ఉంటుంది.

1766లో ఆయన పోయాడు. 1831లో లొరేన్ ప్రజలు చందాలేసుకుని అదే చౌక్‌లో ఆయన విగ్రహం నిలబెట్టారు. వాళ్లకు చౌక్ మిగిలింది, గ్రంథాలయం మిగిలింది, కృతజ్ఞత సహజం. కానీ వెట్టి చేసినవాళ్లు అప్పటికి బతికిలేరు. వాళ్ల తరఫున మాఫీ రాసే అధికారం మనవలకు లేదు.