నిందితునకు న్యాయసహాయము

నిందితునకు ధర్మార్థముగా న్యాయవాది నిచ్చుట నేరమును బోషించుటయే యని పలువురు తలంతురు. మేమట్లు తలంపము.

విజయనగరమున నివసించిన గురజాడవారు 1909లో తిరుగవ్రాసి ప్రకటించిన ‘కన్యాశుల్కము’న లుబ్ధావధానులపై హత్యానేరము పడినది. చచ్చినదనుకొన్న పెండ్లికూతురు ఆడువేషము వేసిన బాలుడు, హత్యయే లేదు. పసిపిల్లను గొనదలచిన యా ముదుసలియెడ నెవరికి జాలి? అయినను కన్యాశుల్కమును రోయు వకీలు సౌజన్యారావు పంతులే యాతని రక్షింప బూనెను. దురాచారము వేరు, హత్య వేరు; మొదటిదానికై రెండవదాని శిక్ష విధించుట న్యాయము కాదు.

ఈ వివేకమునకు నేడు శాసనబలము కలదు. 1987 నాటి న్యాయసేవల చట్టము ప్రకారము నిర్బంధములోనున్నవాడు ఆదాయముతో నిమిత్తము లేక ఉచిత న్యాయవాదిని గోరవచ్చును. జిల్లా న్యాయసేవాధికార సంస్థ విజయనగరమునను గలదు. పొరుగింటి కుర్రవాడు పట్టుపడినపుడు ‘ఏదో చేసియే యుండును’ అనుటకు ముందు, చదువరులారా, వాని తల్లికి ఆ వాకిలి చూపుడు.