నొప్పి తెలియని బరువు

శరతల్పగతుడైన భీష్ముని సన్నిధిని గూర్చుండి ధర్మరాజు వేసిన ప్రశ్నలలో నొకటి నన్ను చిరకాలముగా వెన్నాడుచున్నది. కలిమి గలిగియుండియు నింకను ధనము గోరు రాజు ఎట్లు వర్తింపవలెనని యాతడడిగెను. తుమ్మెద పూవును జెరుపక తేనె గొనునట్లు రాజు పన్ను గొనవలయునన్న పితామహుని మాటను మనము సభలలో వల్లించుచునే యుందుము. ఆ యుపదేశముననే యున్న తక్కిన యుపమానములను మాత్రము వక్తలు తలపెట్టరు. జలగ మెత్తగా నెత్తురు పీల్చును. ఎలుక వాడిపండ్లు గలదయ్యు నిద్రించువారి పాదములను వారికి దెలియకుండ గొరుకును. కోడెదూడను కాడికి మరపువాడు బరువును దినదినమును గొంచెము గొంచెముగా బెంచును. దూడ బెదరదు, పలుపు త్రెంపదు, కొన్నాళ్లకు ఆ బరువు తన మూపుతోబాటు పుట్టినదే యనుకొనును.

ఇది ధర్మమా, నేర్పా? పితామహుని హృదయమున గ్రౌర్యము లేదు. ఒక్కమారుగా మోపిన భారమునకు లేతమూపు పుండగునను కనికరమును అందు గలదు. కాని బాధ తెలియకుండుట వేరు, అన్యాయము జరుగకుండుట వేరు. నిద్రించువాడు మూల్గకుండుటను వాని సమ్మతిగా గ్రహించుట యెట్లు న్యాయమగును? ప్రజలు పాలకునియందుంచు విశ్వాసము ఇల్లడ వంటిది: దాచుమని యిచ్చినదే గాని వాడుకొమ్మని యిచ్చినది కాదు. అంతకంటె లోతైన చిక్కు మరియొకటి గలదు. విశ్వాసము మనిషిని జూచి కలుగును. అధికారమో, పీఠమునంటి యుండును. భీష్ముడు బోధించినది రాజ్యమే వలదని వనమునకు బోవనెంచిన ధర్మరాజునకు. ఆ బోధ దక్కినది మాత్రము అటుపిమ్మట సింహాసనమెక్కిన ప్రతివానికిని.

ఈ చిక్కు మన కాలమునను గనబడినది. మన రాజ్యాంగము అమలులోనికి వచ్చి నెల నిండునప్పటికి, 1950 ఫిబ్రవరిలో, నివారక నిర్బంధ చట్టము పార్లమెంటు ముందుకు వచ్చెను. నేరము చేసినవానిని గాక, చేయబోవునని యెంచినవానిని విచారణ లేకయే చెరలో నుంచుటకు సర్కారునకు వీలు గల్పించు శాసనమది. తెలంగాణమున సాయుధపోరాటము సాగుచున్న దినములవి. దేశమునకు భయమును గలదు, భయమునకు గారణమును గలదు. 1919లో రౌలట్ చట్టము పేర ఇట్టిదే వచ్చినప్పుడు దేశమంతయు తిరుగబడెను. ఇప్పుడు దానిని దెచ్చినవారు ఆంగ్లేయుల చెరసాలలు చూచివచ్చిన మనవారు. బిల్లును ప్రవేశపెట్టిన హోంమంత్రి సర్దార్ వల్లభభాయి పటేలు, దీనికై తాను నిద్రలేని రాత్రులు గడిపితినని సభలో చెప్పుకొనెను. ఆ మాటను నేను శంకింపను. నిద్రపట్టని పాలకుని చేతిలో ఇట్టి యాయుధముండుట కొంత నయమే. గడువును ఒక్క యేడాదియే గదా యని సభ్యులూరడిల్లిరి.

పటేలు ఆ డిసెంబరులోనే స్వర్గస్థుడయ్యెను. నిద్రలేని రాత్రులు ఆయనతోనే పోయెను, చట్టము నిలిచెను. గడువు తీరవచ్చినప్పుడెల్ల మరికొంత పొడిగించుచు, ప్రతిమారును ఇది తాత్కాలికమేయని నమ్మబలుకుచు, దానిని 1969 చివరివరకు నడపిరి. 1971లో మీసా యను ఆంతరంగిక భద్రతా పరిరక్షణ చట్టము వచ్చెను. అత్యవసర పరిస్థితిలో ప్రతిపక్ష నాయకులను చెరబట్టినది దానితోనే. అది రద్దయిన పిమ్మట 1980లో జాతీయ భద్రతా చట్టము వచ్చెను. దానికి గడువనునది వ్రాయలేదు. నేటికిని అమలులో నున్నది.