మనస్సు అప్పగించే ముందు

దేహానికి జబ్బు చేసినవాడు వైద్యుని వెదుక్కొంటూ పోయేటప్పుడు సాధారణంగా అతని బుద్ధి అతనికి తోడుగా ఉంటుంది. మనస్సు నలిగినవాని స్థితి వేరు. తగిన మనిషిని ఎన్నుకోవడానికి ఏ వివేకం కావాలో, ఆ వివేకమే అప్పుడు అతనిలో అలసి ఉంటుంది. నిద్రలేని రాత్రుల తరువాత కొంచెం ఆదరంగా పలకరించినవారెవరైనా రక్షకులుగానే తోస్తారు. అందుచేత మానసిక చికిత్సకుని ఎన్నిక కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. తన అంతరంగాన్ని మరొకని చేతిలో పెట్టే మనిషి తన వద్ద ఏమి మిగుల్చుకోవాలి అనే నైతిక ప్రశ్న అందులో ఉన్నది.

ఈ ప్రశ్న భారతదేశానికి కొత్తది కాదు. నీరు వడపోసి తాగాలి, గురువును తెలిసి చేసుకోవాలి అని హిందీ ప్రాంతాలలో ఒక సామెత ఉన్నది. ముండకోపనిషత్తు గురువుకు రెండు లక్షణాలు విధించింది: శ్రోత్రియుడై ఉండాలి, బ్రహ్మనిష్ఠుడై ఉండాలి. అనగా పాండిత్యం ఒక్కటే చాలదు, నిష్ఠ ఒక్కటే చాలదు. నాణెమును పరీక్షించినట్లు తమను పరీక్షించి చూడవలసిందని శ్రీరామకృష్ణులు శిష్యులకు చెప్పేవారని వారి చరిత్రలు తెలుపుతున్నవి. శరణాగతి పరీక్షకు తరువాతిదే గాని ముందటిది కాదు.

పంజాబీ కవీ, మనోవైద్యుడూ అయిన జస్వంత్ సింగ్ నేకీ 1973లో ప్రకటించిన ఒక వ్యాసంలో గురుశిష్య సంబంధం మానసిక చికిత్సకు నమూనా కాగలదా అని విచారించాడు. పెద్దల మాటకు తల వంచడం అలవాటైన సమాజంలో రోగి తన చికిత్సకునిలో గురువునే చూడవచ్చును. ఆ గౌరవం చికిత్సకు బలమిస్తుంది. అదే గౌరవం రోగి నోరు కట్టివేయనూవచ్చును.

నచ్చడం వేరు, తగడం వేరు. అమెరికన్ మనస్తత్త్వవేత్త ఎడ్వర్డ్ బోర్డిన్ 1979లో చికిత్సకునికీ రోగికీ నడుమ పొత్తును మూడు అంశాలుగా విభజించాడు: గమ్యం విషయంలో అంగీకారం, చేయవలసిన పనుల విషయంలో అంగీకారం, పరస్పరమైన అనుబంధం. తొలిచూపులో మనుష్యులు తూచేది మూడవదానినే. తాగుడు మానదలచినవానికి, తప్పంతా భార్యదే అన్న మాటకు వారం వారం తల ఊపే శ్రోత ఎంతో నచ్చుతాడు. సీసా మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. బిడ్డను పోగొట్టుకొన్న తల్లిని తొలినాడే దుఃఖం మరచిపొమ్మనే చికిత్సకుడు చెడ్డవాడు కాకపోవచ్చును. కాని ఆమె కోరినది ఏడవడానికి ఒక చోటు; అతడు చూపినది వేరొక దారి. మొదటివానికి అనుబంధం ఉన్నది, గమ్యం లేదు. రెండవ చోట గమ్యమే కలియలేదు.

చట్టం కొంతవరకు తోడు వస్తుంది. 1992 నాటి భారత పునరావాస మండలి చట్టం క్లినికల్ సైకాలజిస్టుల నమోదుకు మార్గం ఏర్పరచింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగి రహస్యాలకు రక్షణ కల్పించింది. లైఫ్ కోచ్ అని బోర్డు కట్టుకొనడానికి అటువంటి నమోదు ఏదీ అక్కరలేదు. కనుక అక్కడ విచారించే భారమంతా వెళ్ళినవానిదే. చదువు ఎక్కడ, అనుభవం ఎంత, రుసుము ఎంత, తన శక్తికి మించిన సమస్య వస్తే ఎవరి వద్దకు పంపుతారు అని అడగడం అవిశ్వాసం కాదు. అడిగినందుకు నొచ్చుకొనేవాని వద్ద రేపు చెప్పరాని మాట చెప్పుకొనడం ఎట్లా?

ఫ్రాయిడ్ 1913లో వ్రాసిన ఒక వ్యాసంలో, రోగిని మొదట ఒకటి రెండు వారాలు పరీక్షార్థమే స్వీకరిస్తానన్నాడు. వైద్యునికి చెల్లిన ఆ గడువు రోగికి మాత్రం ఎందుకు చెల్లరాదు? ఆ గడువులో చూడవలసింది బాధ తగ్గిందా అని మాత్రమే కాదు; మంచి చికిత్సలో బాధ మొదట పెరగవచ్చును కూడ. “తమరు చెప్పినది నాకు సరిపడలేదు” అన్నప్పుడు ఎదుటివాడు ఏమి చేస్తాడో చూడాలి. ఆ మాటను విని, దానినే ఆనాటి విచారణకు విషయంగా తీసుకొనేవాడు తగినవాడు. తాను లేకపోతే బ్రతుకే లేదని భయపెట్టేవాడు ఎంతటి విద్వాంసుడైనా తగడు. మనస్సు అప్పగించినా, కాదనే స్వేచ్ఛను అప్పగించనవసరం లేదు. చికిత్స బలపరచవలసింది ఆ స్వేచ్ఛనే.